తలుపు తట్టిన అధికారి ఎవరికి జవాబు చెప్పాలి?



అమెరికాలో చదువుకుంటున్న బిడ్డ దగ్గర నుంచి రెండు రోజులు ఫోను రాకపోతే తల్లిదండ్రుల మనసు ఎక్కడెక్కడికి పోతుందో మీలో చాలామందికి తెలుసు. 2025లో ఆ దిగులుకు కొత్త కారణాలు తోడయ్యాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 5వ తేదీన అమెరికా సైనిక విమానం ఒకటి 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించింది. చేతులకు సంకెళ్ళతో, కాళ్ళకు గొలుసులతో ప్రయాణం చేశామని దిగినవారు చెప్పారు. ఏప్రిల్ వచ్చేసరికి వేలాది విదేశీ విద్యార్థుల నమోదులు ప్రభుత్వ రికార్డుల్లో రద్దయిపోయాయి. మన తెలుగు పిల్లలూ అందులో ఉన్నారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా గుడి వాకిట్లో రెండు రకాల మాటలు వినబడతాయి. “చట్టం చట్టమే, కాగితాలు సరిగా లేనివాడిదే తప్పు” అంటారు కొందరు. “అంత పెద్ద దేశం, వాళ్ళను అడిగేవాడెవడు?” అంటారు మరికొందరు. ఈ రెండు మాటలూ వ్యతిరేకంగా కనిపిస్తాయి గాని, చివరికి ఒకచోటికే చేరతాయి. అధికారిని ప్రశ్నించనక్కర లేదని ఒకరు, ప్రశ్నించి లాభం లేదని ఇంకొకరు. ఈ వారం పాఠంలో మనం నిదానంగా చూడవలసింది దీన్నే. వలస చట్టాన్ని అమలు చేసే అధికారి ఎవరికి జవాబు చెప్పాలి? ఆ జవాబు ఎప్పుడైనా ఎవరైనా రాబట్టగలిగారా?

హక్కు ఉంది, హద్దూ ఉంది

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకుందాం. తన సరిహద్దును కాపాడుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. శ్రీసభ దీన్ని ఏనాడూ కాదనలేదు. 2003 జనవరిలో అమెరికా, మెక్సికో దేశాల కతోలిక పీఠాధిపతులు కలిసి ఒక సంయుక్త లేఖ విడుదల చేశారు. ‘ఇక మీదట పరాయివారు కారు’ అనే అర్థం వచ్చే పేరు దానిది. పుట్టిన నేల మీదనే బ్రతకగలిగే హక్కు మనిషికి ఉందని, అది కుదరనప్పుడు కుటుంబాన్ని పోషించుకోవడానికి వలస పోయే హక్కు ఉందని, సరిహద్దును నియంత్రించుకునే హక్కు దేశాలకు ఉందని, శరణార్థికి రక్షణ ఇవ్వాలని, కాగితాలు లేనివాడికైనా మనిషిగా దక్కవలసిన గౌరవం దక్కాలని ఆ లేఖ చెప్పింది. మూడవ మాటను మాత్రమే పట్టుకునేవారు, ఐదవ మాటను మాత్రమే పట్టుకునేవారు ఇద్దరూ సగం లేఖే చదివినవారు.

మరియమ్మగారు, జోజప్పగారు బాలయేసును తీసుకొని ఐగుప్తుకు పారిపోయినప్పుడు సరిహద్దు దగ్గర వారిని ఎవరు ఏమి అడిగారో సువిశేషకారుడు చెప్పడు. 1952లో పన్నెండవ పియూసు పోపుగారు వలసల మీద వెలువరించిన శాసనంలో ఆ తిరుకుటుంబాన్నే వలస కుటుంబాలన్నిటికీ ఆదర్శంగా చూపారు. అప్పటికి యూరపు అంతా యుద్ధం వల్ల ఇళ్ళు పోగొట్టుకున్నవారితో నిండి ఉంది.

ఇక అమెరికా సంగతి. ఇప్పుడు అందరి నోటా వినబడుతున్న ‘ఐస్’ అనే విభాగం 2003లో పుట్టింది. న్యూయార్కు దాడుల తరువాత ఏర్పడిన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద పనిచేస్తుంది. అయితే దాని చేతిలో ఉన్న చట్టం అంతకన్నా పాతది. 1996 సెప్టెంబరులో క్లింటన్ సంతకం చేసిన చట్టం నిర్బంధాన్ని విస్తరించింది, తిప్పి పంపడాన్ని సులభం చేసింది, కాగితాలు లేకుండా ఏడాదికి పైగా ఉండి వెళ్ళినవారు పదేళ్ళపాటు తిరిగి రాకూడదన్నది. ఒబామా కాలంలో 2012లో ఒక్క ఏడాదిలో నాలుగు లక్షల పైచిలుకు మందిని తిప్పి పంపారు. ఇది ఒక పార్టీ చేసిన పాపం, ఇంకో పార్టీ చేసే పుణ్యం అనుకుంటే మనం పొరబడతాం.

ఇంకొక విషయం మన పాఠకులకు బహుశా తెలియదు. అక్కడ వలస కేసులు వినే న్యాయస్థానాలు న్యాయవ్యవస్థలో భాగం కావు, న్యాయ మంత్రిత్వ శాఖ కిందనే ఉంటాయి. వలస ఉల్లంఘన కింద నిర్బంధంలో ఉన్నవాడు నేరస్థుడిగా కాక సివిల్ కేసు మనిషిగా లెక్క. కనుక డబ్బు లేకపోతే ప్రభుత్వం వకీలును పెట్టదు. దొంగతనం చేసినవాడికి ఉచిత వకీలు దొరుకుతాడు. వీసా గడువు దాటినవాడికి దొరకడు. అందుకే ఇక్కడ అధికారి జవాబుదారీతనం అంత ముఖ్యమైన సంగతి అయింది.

పోస్ట్‌విల్ పట్నంలో జరిగింది

అయోవా రాష్ట్రంలో పోస్ట్‌విల్ అనే చిన్న పట్నం ఉంది. జనాభా రెండు వేల పైచిలుకు, మన లెక్కన ఒక మాదిరి గ్రామం. అక్కడ యూదుల ఆచారం ప్రకారం మాంసం తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. పనివాళ్ళలో ఎక్కువమంది గ్వాటెమాలా పల్లెల నుంచి వచ్చిన పేదలు. 2008 మే 12వ తేదీ ఉదయం వందలాది అధికారులు హెలికాప్టర్లతో వచ్చి ఆ ఫ్యాక్టరీని చుట్టుముట్టారు. 389 మందిని అరెస్టు చేశారు. ఆ సాయంత్రానికి పట్నంలోని సెయింట్ బ్రిజిత్ విచారణ గుడి నిండిపోయింది. తండ్రి దొరికిపోయిన పిల్లలు, భర్త దొరికిపోయిన స్త్రీలు, ఇంటికి పోతే తమనూ పట్టుకుంటారని భయపడినవారు గుడి బల్లల మీదనే పడుకున్నారు. చంటిపిల్లల తల్లులను కొందరిని వదిలారు గాని, కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ తగిలించి వదిలారు. ఉద్యోగం చేయకూడదు, ఊరు వదలకూడదు. వారికి బియ్యం పప్పు ఎవరు ఇవ్వాలో అధికారులు చెప్పలేదు. ఆ పని విచారణలోని కన్యాస్త్రీ, విశ్రాంత గురువు, విశ్వాసులు చేసుకొచ్చారు. ఒక రోజు కాదు, నెలల తరబడి.

పట్టుబడినవారిని వాటర్లూ అనే ఊరిలో పశువుల ప్రదర్శన మైదానానికి తరలించి, అక్కడే తాత్కాలిక కోర్టు పెట్టారు. పదేసి మందిని గొలుసులతో వరుసగా తీసుకువచ్చారు. ఒక్కో వకీలుకు పదిహేను, పదిహేడు మంది చొప్పున అప్పగించారు. ప్రభుత్వం వారి ముందు పెట్టిన బేరం ఇది. తప్పుడు సామాజిక భద్రతా నంబరు వాడినట్టు ఒప్పుకుంటే ఐదు నెలలు జైలు, ఆ తరువాత వలస న్యాయస్థానం ముఖం చూడకుండానే స్వదేశం. ఒప్పుకోకపోతే ‘గుర్తింపు దొంగతనం’ అనే పెద్ద నేరం మోపుతారు. రుజువైతే కనీసం రెండేళ్ళు. కోర్టులో పోరాడాలంటే తీర్పు వచ్చేదాకా ఆరేడు నెలలు జైలులోనే కూర్చోవాలి. నిర్ణయించుకోవడానికి ఏడు రోజుల గడువు. ఊళ్ళో పిల్లలు తిండికి లేక ఉన్నారు. దాదాపు మూడు వందల మంది తప్పు ఒప్పుకున్నారు. వారిలో కొందరికి స్పానిష్ కూడా సరిగా రాదు. మాయా జాతుల మాటలే వారి మాతృభాష. తాము ఒప్పుకున్నది ఏమిటో కూడా తెలియకుండా ఒప్పుకున్నారు. సామాజిక భద్రతా నంబరు అంటే ఏమిటో వారిలో చాలామందికి తెలియదు.

ఈ సంగతి మనకెలా తెలిసింది? ఆ కోర్టులో దుబాసీగా పనిచేసిన ఒక ఆచార్యుడి వల్ల. ఎరిక్ కమాయిద్ ఫ్రెయిక్సాస్ అనే ఆయన ఫ్లారిడాలో విశ్వవిద్యాలయ అధ్యాపకుడు, ఇరవై ఏళ్ళకు పైగా కోర్టు దుబాసీ. దుబాసీ నిష్పక్షపాతంగా ఉండాలి, విన్నది బయట పెట్టకూడదు. ఆయన కేసులు ముగిసేదాకా ఆగాడు. తరువాత తాను కళ్ళారా చూసినదంతా ఒక వ్యాసంగా రాశాడు. అది పత్రికలకెక్కింది. జూలై నెలలో కాంగ్రెసు, అంటే అక్కడి పార్లమెంటు, ఉపసంఘం ఒకటి బహిరంగ విచారణ జరిపింది. దుబాసీ వచ్చి సాక్ష్యం చెప్పాడు. ప్రభుత్వ న్యాయ శాఖ, ఐస్ విభాగాల అధికారులు కూడా వచ్చి కూర్చొని సభ్యుల ప్రశ్నలకు సమాధానం చెప్పవలసి వచ్చింది. పశువుల మైదానంలో గొలుసులతో నిలబడినవారికి ఆ అవకాశం దొరకలేదు గాని, వారిని అక్కడ నిలబెట్టినవారు ఒక బల్ల ముందు కూర్చొని జవాబు చెప్పారు. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికా పీఠాధిపతుల సమాఖ్య ఇలాంటి దాడులు ఆపాలని ప్రభుత్వాన్ని బహిరంగంగా కోరింది.

ఫలితం లేకపోలేదు. 2009 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం పద్ధతి మార్చింది. పనివాళ్ళ మీద కాక, వారిని చట్టవిరుద్ధంగా పెట్టుకున్న యజమానుల మీద ముందు దృష్టి పెట్టమని ఆదేశాలిచ్చింది. కొద్ది రోజులకే, 2009 మే 4న, వేరొక కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. నంబరు మరొక నిజమైన మనిషిదని తెలిసి వాడితేనే ‘గుర్తింపు దొంగతనం’ అవుతుందట. అంటే పోస్ట్‌విల్ పనివాళ్ళ మెడ మీద పెట్టిన కత్తి చాలా మటుకు ఒట్టి బెదిరింపే. కాని అప్పటికి వారి ఐదు నెలల శిక్ష పూర్తయింది. వారిని తిప్పి పంపడమూ అయిపోయింది. చేతులు కాలిన తరువాత ఆకులు వచ్చాయి. ఆ ఆకులు వారి చేతులకు కాదు, వారి తరువాత వచ్చినవారి చేతులకు పనికివచ్చాయి.

ఉత్తర్వు వేరు, చట్టం వేరు

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చదవండి. 2009లో మారింది చట్టం కాదు, శాఖాపరమైన ఆదేశం. ఒక అధికారి రాసిన దాన్ని ఇంకో అధికారి కొట్టివేయగలడు. అదే జరిగింది. 2019 ఆగస్టు 7న మిసిసిపీ రాష్ట్రంలో కోడిమాంసం ఫ్యాక్టరీల మీద పడి ఒక్క రోజులో 680 మందిని పట్టుకున్నారు. 2021 అక్టోబరులో ఇంకొక ప్రభుత్వం అలాంటి సామూహిక దాడులు వద్దని మళ్ళీ ఉత్తర్వు ఇచ్చింది. 2025 సెప్టెంబరు 4న జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్ వారి నిర్మాణ స్థలంలో 475 మందిని నిర్బంధించారు. వారిలో మూడు వందలకు పైగా దక్షిణ కొరియావారు. కొరియా ప్రభుత్వం గట్టిగా అడిగి, ప్రత్యేక విమానం పంపి, దాదాపు వారం రోజుల్లో తన మనుషులను తెచ్చుకుంది. తలుపు తట్టేవాడి వెనుక ఎవరున్నారన్నదాని మీద కూడా ఫలితం ఆధారపడుతుందని ఆ ఉదంతం చెబుతోంది.

గుడి విషయమూ ఇంతే. 2011 అక్టోబరులో ఐస్ అధిపతి ఒక ఉత్తర్వు ఇచ్చాడు. గుళ్ళు, బడులు, ఆసుపత్రులు వంటి చోట్ల అరెస్టులు సాధారణంగా చేయరాదని. 2021లో దాన్ని ఇంకా విస్తరించారు. 2025 జనవరిలో అధికారం మారిన రోజునే రద్దు చేశారు. దివ్యపూజకు వెళ్ళడం ఎంతవరకు క్షేమమన్నది ఒక కాగితం మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ జూలైలో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో పీఠాధిపతులు రోహాస్ గారు, అరెస్టు భయం ఉన్నవారు ఆదివార పూజకు రాకపోయినా బాధ్యత తప్పినట్టు కాదని మినహాయింపు ఇచ్చారు. మహమ్మారి కాలంలో ఇలాంటి మినహాయింపులు చూశాం. పోలీసు భయం వల్ల ఇవ్వవలసి రావడం ఎంత అరుదో పెద్దలు గ్రహించగలరు.

కనుక మానవీయ సంస్కరణ అడిగేవారు దయగల ఉత్తర్వుతో తృప్తిపడకూడదని నా అభిప్రాయం. ఉత్తర్వు మంచిదే, అది ఈ రోజు ఒక కుటుంబాన్ని కాపాడవచ్చు. కాని కాంగ్రెసు చట్టంలో రాసినది ఎన్నికల మరునాడు చెరిగిపోదు. నిర్బంధంలో ఎవరైనా మరణిస్తే 90 రోజుల్లోగా వివరాలు బహిరంగపరచాలని 2018 నుంచి కాంగ్రెసు ఐస్ విభాగానికి షరతు పెట్టింది. ఆ షరతు అధికారి దయ కాదు, బడ్జెటులోని మాట.

మన పిల్లల కథ

తెలుగువారికి ఈ పాఠం పుస్తకంలో నేర్చుకోవలసిన పని లేకపోయింది. 2011 జనవరి 19న కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అనే సంస్థ మీద దాడి జరిగింది. నమోదైన 1,500 మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది ఆనాటి ఆంధ్రప్రదేశ్ వారు. సగానికి పైగా విద్యార్థులు ఒకే ఒక్క అపార్టుమెంటు చిరునామాలో ఉంటున్నట్టు ఆ సంస్థ లెక్క చూపింది. ఆ సంస్థకు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఇచ్చింది మాత్రం ప్రభుత్వమే. దాడి తరువాత కొందరు విద్యార్థుల కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించారు. పోస్ట్‌విల్ తల్లులకు తగిలించినవాటి వంటివే. మన దేశంలో గగ్గోలు పుట్టింది, భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, పట్టీలు కొన్ని తీశారు. సంస్థ అధిపతికి 2014లో పదహారేళ్ళకు పైగా జైలు శిక్ష పడింది. అనుమతి ఇచ్చిన అధికారులకు ఏమి శిక్ష పడిందని అడిగినవారు తక్కువ.

2019లో ఇంకొక అడుగు ముందుకు పడింది. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. దానికి వెబ్‌సైటు ఉంది, ముద్ర ఉంది, ఫీజు ఉంది. పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. దాన్ని నడిపింది సాక్షాత్తు ఐస్ అధికారులే, మారువేషంలో. చేరినవారు ఆరు వందల మంది దాకా, అధికభాగం భారతీయులు, వారిలో తెలుగువారు చాలామంది. ఆ జనవరి చివర ఎనిమిదిమంది దళారులను అరెస్టు చేశారు, వారూ మనవాళ్ళే. ఏడాది తిరిగేలోగా 250 మంది దాకా విద్యార్థులు పట్టుబడ్డారు. ఫిబ్రవరి 2న మన విదేశాంగ శాఖ ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చింది.

క్లాసులు లేవని తెలిసి కూడా వీసా నిలుపుకోవడానికి చేరారని ప్రభుత్వం వాదించింది. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. దళారులు చేసింది క్షమించరాని పని, మన ఊళ్ళ తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టిన డబ్బుతో వ్యాపారం చేశారు. కాని ఇక్కడ ప్రశ్న వేరు. ప్రభుత్వం ఒక బోర్డు కట్టి, ఫీజు వసూలు చేసి, రసీదు ఇచ్చి, ఆ పైన వచ్చి అరెస్టు చేయవచ్చునా? ఆ ఫీజు ఎవరిది? ఒక విద్యార్థి ఇదే అడుగుతూ కోర్టుకెక్కాడు. కింది కోర్టు వినడానికే నిరాకరించింది. 2024 జూన్‌లో పై కోర్టు ఆ నిర్ణయాన్ని తిరగదోడింది. మీరు డబ్బు తీసుకొని చదువు చెబుతామన్నారు, కనుక ఒప్పందం కేసుగా వినవలసిందే అన్నది. అంటే అతడు గెలిచాడని కాదు, ప్రభుత్వం బోనులోకి వచ్చి సమాధానం చెప్పాలని. ఐదేళ్ళు పట్టింది ఆ ఒక్క మాటకు.

2025 ఏప్రిల్ నాటి విద్యార్థుల రికార్డుల సంగతి త్వరగా తేలింది, ఎందుకంటే చాలామంది ఒకేసారి కోర్టుకు వెళ్ళారు. పదుల సంఖ్యలో న్యాయమూర్తులు స్టే ఇచ్చారు. ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరిస్తామన్నది. అసలు ఏమి జరిగిందో కోర్టులో ఒక అధికారి చెప్పవలసి వచ్చినప్పుడే బయటపడింది. పది ఇరవై మంది ఉద్యోగులు 13 లక్షల పేర్లను పోలీసు కంప్యూటరులో వేసి, 6,400 దాకా పేర్లు తగిలితే, వాటి నుంచి రద్దులు మొదలుపెట్టారు. తగిలినవాటిలో కొట్టివేసిన కేసులు, ట్రాఫిక్ జరిమానాలు కూడా ఉన్నాయి. ఒక్కొక్క విద్యార్థి కాగితం విడిగా తీసి చదవనే లేదు.

లోపలి కాపలా, సంచి తాళం

ప్రతి బాధితుడూ కోర్టుకు వెళ్ళలేడు. అందుకే శాఖ లోపలే కాపలాదారులను పెట్టారు. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఉన్నాడు. ఆయన మనుషులు చెప్పకుండా తనిఖీకి వెళ్ళవచ్చు. 2018 మే నెలలో కాలిఫోర్నియాలోని అడెలాంటో నిర్బంధ కేంద్రానికి అలాగే వెళ్ళారు. చూసిన 20 గదుల్లో 15 దాకా గదుల్లో దుప్పట్లు చింపి పేనిన ఉరితాళ్ళు వేలాడుతూ కనిపించాయి. గోప్యత కోసం బట్టలు ఆరేసుకోవడానికి వాడుతున్నారని కొందరు చెప్పారట. అయినా అదే కేంద్రంలో అంతకు ముందే ఒకరు ఉరివేసుకొని చనిపోయిన సంగతి అక్కడి వారికి తెలుసు. నివేదిక అచ్చయింది, దేశమంతా చదివింది. ఇవి కాక నిర్బంధితుల ఫిర్యాదులు వినే ప్రత్యేక అధికారి పదవిని కాంగ్రెసు 2019లో సృష్టించింది. 2025 మార్చిలో ఆ కార్యాలయంతో పాటు పౌరహక్కుల కార్యాలయంలోని ఉద్యోగులను కూడా దాదాపు అందరినీ తొలగించడానికి శాఖ పూనుకుంది. స్వచ్ఛంద సంస్థలు కోర్టుకు వెళ్ళాక, చట్టం చెప్పిన పనులు మానబోమని శాఖ అన్నది. కాని కొద్దిమంది ఉద్యోగులతో ఆ పని ఎలా సాగుతుందో ఊహించుకోవచ్చు.

డబ్బు సంచి తాళం కాంగ్రెసు చేతిలో ఉంది. జవాబు రాబట్టడానికి దీన్ని మించిన సాధనం లేదు, దుర్వినియోగానికీ లేదు. 2009 తరువాత కొన్నేళ్ళపాటు బడ్జెటు చట్టంలో ఒక వింత వాక్యం ఉండేది. నిర్బంధ కేంద్రాల్లో సుమారు 34,000 పడకలు ఉంచి తీరాలని. జైలు అవసరం ఎంతో చూసి పడకలు వేయడం కాక, పడకలు వేసి మనుషులను వెతకడం. ఆ వాక్యం తరువాత తీసేశారు. కాని 2025 జూలై 4న సంతకమైన చట్టం ఒక్క నిర్బంధానికే 4,500 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ నవంబరుకు నిర్బంధంలో ఉన్నవారి సంఖ్య 65,000 దాటింది. వారిలో అధికులకు ఏ నేరంలోనూ శిక్ష పడలేదు. అదే నెలలో బాల్టిమోరులో సమావేశమైన పీఠాధిపతులు ప్రత్యేక సందేశం ఒకటి వెలువరించారు. విచక్షణ లేని సామూహిక బహిష్కరణను వ్యతిరేకిస్తున్నామని అందులో చెప్పారు. అనుకూలంగా 216 ఓట్లు, వ్యతిరేకంగా 5, తటస్థంగా 3. అనేక విషయాల్లో అభిప్రాయభేదాలున్న సమాఖ్య అది.

మీ చేతిలో ఉన్నది

ఇంత దూరం నుంచి మనం చేయగలిగింది ఏముందని అడగవచ్చు. ఉంది, కొంచెమే అయినా.

అమెరికాలో ఉన్న మీ బంధువుల్లో పౌరసత్వం వచ్చినవారుంటే వారికి ఒక కాంగ్రెసు సభ్యుడు ఉన్నాడు. రెండేళ్ళకోసారి ఓటు అడుగుతాడు. ఆయన కార్యాలయంలో ఇలాంటి ఫిర్యాదులు చూడడానికే గుమాస్తాలు ఉంటారు. నిర్బంధంలో ఉన్న మనిషి సమ్మతి పత్రం మీద సంతకం పెడితే వారు శాఖను లిఖితపూర్వకంగా అడుగుతారు. సాధారణంగా ఆ నియోజకవర్గంలో నివసించేవారికి, ఓటు లేకపోయినా, సాయం చేస్తారు. మనవాళ్ళు సంఘాల పేరుతో సభలు, పట్టుచీరల పండుగలు చక్కగా జరుపుకుంటారు, తప్పేమీ లేదు. ఆ సభకు ముఖ్య అతిథిగా వచ్చిన కాంగ్రెసు సభ్యుణ్ణి శాలువా కప్పేటప్పుడు నిర్బంధ కేంద్రాన్ని ఎప్పుడు చూసి వచ్చారని ఒక్క మాట అడిగితే బాగుంటుంది. అలా వెళ్ళి చూసే అధికారం సభ్యులకు ఉంది. వారిని ఆపడానికి నిధులు వాడరాదని కాంగ్రెసు బడ్జెటు చట్టంలో రాసుకుంది.

ఇక్కడ ఉన్నవారు తమ పార్లమెంటు సభ్యుడికి రాయవచ్చు. అమృత్‌సర్ విమానం దిగిన మరునాడే రాజ్యసభలో విదేశాంగ మంత్రి జైశంకర్ గారు ప్రకటన చేయవలసి వచ్చింది. తిప్పి పంపడం కొత్త కాదని, స్త్రీలకు పిల్లలకు సంకెళ్ళు వేయరని, అమర్యాద జరగకుండా అమెరికాతో మాట్లాడుతున్నామని చెప్పారు. ఆ సమాధానం మీకు చాలకపోవచ్చు. సభ్యులు అడిగారు కనుకనే ఆ మాత్రమైనా సమాధానం వచ్చింది.

ఇక అత్యవసరమైన సంగతి. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం విదేశంలో అరెస్టయినవాడికి తన దేశపు కాన్సులేటుకు కబురు పంపమని అడిగే హక్కు ఉంది. ఆ హక్కు ఉందని అధికారి అతడికి చెప్పాలి. మీ బిడ్డకు ఈ ఒక్క వాక్యం నేర్పండి. పాస్‌పోర్టు, వీసా, ఐ-20 నకళ్ళు ఇంట్లో ఒక ప్రతి ఉంచుకోండి. వలస శాఖ ఇచ్చిన ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఏదైనా ఉంటే రాసి పెట్టుకోండి. నిర్బంధంలో ఉన్న మనిషి ఎక్కడున్నాడో వెతకడానికి ఆ నంబరు గాని, లేదా పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు గాని, దానితో పాటు పుట్టిన దేశం కావాలి. మన ఇంటిపేర్లు అక్కడి కాగితాల్లో ముందు వెనుకలవుతాయి, అక్షరం తేడా వస్తే మనిషి దొరకడు. దళారి చెప్పిన మాట మీద కాగితం మీద సంతకం పెట్టవద్దని కూడా చెప్పండి.

మన ఇంటి గడప సంగతి కూడా మరువకూడదు. హైదరాబాదులో బాలాపూర్ వైపు రోహింగ్యా కుటుంబాలు ఏళ్ళ తరబడి గుడిసెల్లో ఉంటున్నాయి. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో భారతదేశం సంతకం చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. అమెరికా అధికారిని ఏ ప్రశ్న అడగమంటున్నామో, ఆ ప్రశ్న మన అధికారినీ అడగగలమా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి.

యువజన సంఘాలవారు, గృహస్థ నాయకులు ఈ వారం సమావేశంలో పోస్ట్‌విల్ దుబాసీ విషయం చర్చకు పెట్టండి. అతడు రహస్యం కాపాడతానని ప్రమాణం చేసినవాడు. కేసులు పెండింగులో ఉండగా నోరు విప్పి ఉంటే కొందరికి శిక్ష తప్పేదేమో, లేక సాక్ష్యమే చెల్లకుండా పోయేదేమో. అతడు ఆగడం సరైనదేనా? మీలో రెవెన్యూ ఆఫీసులోనో, పోలీసు స్టేషనులోనో, కోర్టులోనో పనిచేస్తున్నవారు ఉంటే, ముందు వారిని మాట్లాడనివ్వండి.